చాక్లెట్ గుర్తు

ఆ రోజుల్లో క్రిస్మస్ ముందు పిండి, చక్కెర, డాల్డా మనమే తీసుకుపోతే ఆత్మకూరు బేకరీలో బిస్కెట్లు కాల్చిచ్చేవాళ్ళు. మావి ఇంకొకరి వాటితో కలిసిపోకుండా అమ్మ ఒక్కోదాని మీద చాక్లెట్ ముక్క గుచ్చేది. అదే మా గుర్తు.

అమ్మ చనిపోయిన ఏడాది ఉదయగిరి నుంచి నేనే పోయినాను. చాక్లెట్‌ను కత్తిపీటతో తరిగి, ఒక్కటీ వదలకుండా గుచ్చినాను. ఏడుపు రాలేదు. ఏదీ రాలేదు.

"అమ్మ రాలేదేంది?" అన్నాడు బేకరీ ఆయన.

అందరికీ చెప్పి చెప్పి విసుగెత్తి ఉన్నాను. "ఇంట్లో ఉండాది" అన్నాను.

డబ్బా నింపినాక ఆయన రెండు బిస్కెట్లు విడిగా కాగితంలో చుట్టి, "ఇవి అమ్మకియ్యి, వేడి మీదే తినమను" అన్నాడు.

బస్సెక్కి, అవి చల్లారకముందే రెండూ తినేసినాను.