ఎనిమిదింటికే రమ్మంది

మా ఆఫీసులో రోజుకు నాలుగుసార్లయినా వినపడే మాట ప్రీపోన్. పదకొండుకు అనుకున్న మీటింగు పదింటికే పెడితే ప్రీపోన్ చేశారంటారు. హైటెక్ సిటీలో ఏ అంతస్తులో అన్నా అందరికీ అర్థమవుతుంది. నాకు మాత్రం చేరిన కొత్తలో మింగుడుపడలేదు. మా ఇంట్లో వాయిదా అన్న మాట ఒక్కటే ఉండేది. మా తాతగారు రాకపోతే ఊరి తగువైనా, పెళ్ళి భోజనాలైనా వాయిదా పడేవి. ఆయన్ను ఒక గంట ముందు రమ్మని అడిగినవారు లేరు. ఆయన వచ్చి కూర్చునేదాకా ఎవరూ విస్తరి ముట్టేవారు కాదు. పిలిచిన వేళకన్నా ముందు వెళ్ళడం మాకు చిన్నతనం. పొలాలు పోయాయి, మేడ పోయింది. ఈ పద్ధతి మాత్రం నా దగ్గర మిగిలింది.

నాలుగేళ్ళ కిందట మా చెల్లెలి కూతురి పెళ్ళికి నేను వెళ్ళేసరికి రెండో పంక్తి నడుస్తోంది. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. "మగపెళ్ళివారు ఆకలి మీదున్నారు, ఏం చేయనన్నయ్యా" అంటూ చెల్లెలు వీధి మలుపు దాకా వెంట వచ్చింది. నేను ఆగలేదు. ఆ తరువాత మా మధ్య మాటల్లేవు.

మొన్న చలికాలంలో తనే ఫోన్ చేసింది. కాకినాడ రైలులో లింగంపల్లిలో దిగి, అక్కణ్ణుంచి అల్లుడి కారులో పూనా వెళుతుందట. కూతురికి నెలలు నిండాయి. మళ్ళీ ఏడాది దాకా ఇటు రాదు.

"తొమ్మిదింటికి స్టేషను బయట టీ కొట్టు దగ్గరుంటాను. ఒక్కసారి కనపడన్నయ్యా."

"చూస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేసి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను.

ఆ రోజు ఉదయం ఏడింటికి మెసేజ్ వచ్చింది. అల్లుడుగారు ప్రయాణం ప్రీపోన్ చేశారు, ఎనిమిదింటికే రా అని. మదీనాగూడలో నేనుండే అద్దె ఇంటికి లింగంపల్లి పావుగంట దూరం. చొక్కా తొడుక్కుని, చెప్పులు కూడా వేసుకుని, కుర్చీలో కూర్చున్నాను. వేళ మార్చేముందు నన్ను అడగలేదు కదా. తొమ్మిదన్నది, తొమ్మిదికే వెళతాను. నాకోసం ఆ మాత్రం ఆగదా అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి చెల్లెలు లేదు. కొట్టు నడిపే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ అమ్మకు అన్నవా నువ్వు? ఇప్పుడే పాయె. కారాయన ఒకటే హారన్ కొట్టబట్టె."

"ఏమైనా చెప్పిందా?"

"ఏం చెప్పలే. రెండు చాయ్‌లు తీస్కొని ముందట పెట్టుకున్నది. చల్లారుతది తాగమ్మా అంటే, మా అన్నయ్యని రానీయండి అంటది. మల్ల వేడి చేసి ఇచ్చిన. గప్పుడు గూడ ముట్టలే. ఏం మనిషివయ్యా, జర ముందుగాల రావొద్దా?"

బల్ల మీద రెండు గ్లాసులూ మీగడ కట్టి ఉన్నాయి. ఆమె తీయబోతే వద్దన్నాను. నిలబడే రెండూ తాగాను.

చెల్లెలు తిరిగి వచ్చేది ఎప్పుడో ఇంకా తెలియదు. ఆదివారాలు ఎనిమిది కాకముందే ఆ కొట్టుకు వెళుతున్నాను. ఆమె చాయ్ పోస్తూ, "ఇయ్యాల మస్తు జల్ది వచ్చినవే" అంటుంది.