అన్న తీసేసిన లాక్

మా ఆఫీసులో సర్వర్ మొరాయిస్తే అందరం ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. నాకంటే పదేళ్ళు పెద్ద, మల్కాజ్‌గిరి మనిషి. నాకు అన్న, నేను ఆయనకి తమ్మిని. పొద్దున సికింద్రాబాద్‌లో ఇద్దరం ఒకే లోకల్ రైలు ఎక్కేవాళ్ళం. రోజూ ఎక్కేవాళ్ళకి ఆ పెట్టెలో ఒక మర్యాద ఉంది. పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా బేగంపేట రాగానే కూర్చున్నవాడు లేచి, నిలబడ్డవాడికి సీటివ్వాలి.

మా జావా ప్రోగ్రాంలో ఒక్కో కస్టమర్ పనికి దాన్ని మొదటినుంచి చివరిదాకా నడిపే పోగు ఒకటి, అదే థ్రెడ్. దాని కింద ఆపరేటింగ్ సిస్టం థ్రెడ్ ఒకటి దానికే కట్టుబడి ఉండేది. అవి బరువు, ఎక్కువైతే సర్వర్ కూలబడుతుంది. ఎన్ని ఉండాలో, ఏది ఎంతసేపు ఆగాలో చూడడమే అన్న ఉద్యోగం.

కొత్త జావాలో వర్చువల్ థ్రెడ్లొచ్చాయి. పైన వేలకొద్దీ పుట్టించొచ్చు, కింద సిస్టం థ్రెడ్లు మాత్రం గుప్పెడే. డేటాబేస్ జవాబు కోసం ఆగాల్సిన థ్రెడ్ లేచి, ఇంకోదానికి చోటిస్తుంది. అచ్చం మా రైలు మర్యాదే. వంతులు జావాయే చూసుకుంటుంది, ఇక అన్నతో పనేముంది? ఈ మాట మేనేజరు మీటింగులో నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

కొత్త థ్రెడ్లకి మార్చిన రోజే సర్వర్ బిగుసుకుపోయింది. సాయంత్రంలోగా కదలకపోతే పాత పద్ధతికే వెళ్దామన్నాడు మేనేజరు. కదలకూడదని నేను మనసులో దండం పెట్టుకున్నాను.

అన్న కోడ్ తెరిచాడు. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చేలా తనే ఎప్పుడో రాసిన లాక్ కనబడింది. అది పట్టుకుని డేటాబేస్ కోసం ఆగిన థ్రెడ్ లేవడం లేదు, సీటు వదలడం లేదు. ఆ లాక్ కోసం వెనక ఆగినవీ అంతే. అలాంటివి కొన్ని పోగయ్యేసరికి కింద ఒక్క సీటూ ఖాళీ లేదు.

"అన్నా, చూడనట్టు ఊకుండు. నీ నౌకరీ పోతది" అన్నాను మెల్లగా.

"బండి ఆగింది నా లాక్ తోని తమ్మీ. ఎట్ల ఊకుంట?"

టీ చల్లారకముందే దాన్ని తీసేసి, ఆగినప్పుడు సీటు వదలనిచ్చే రకం పెట్టాడు. సర్వర్ పరుగందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నెలాఖరుకి ఆయన్ని పొమ్మన్నారు. తన గొయ్యి తనే తవ్వుకున్నాడని నవ్వినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ నోట్లో మన్ను.

ఆఖరి రోజు సాయంత్రం రైల్లో ఆయన్ని పట్టుబట్టి కూర్చోబెట్టాను. బేగంపేట రాగానే లేచాడు.

"ఇయ్యాల కూసో అన్నా."

"నువ్వు కూసో తమ్మీ. రేపు డ్యూటీకి పోయేటోడివి నువ్వే."

ఏడుపు ఆపుకోలేక తల వంచుకుని కూర్చున్నాను. సికింద్రాబాద్ దాకా ఆయన నా పక్కనే నిలబడి వచ్చాడు.