హాయిల్ మంచులో తీసిన నల్ల ఫోటో

మూడేళ్ల కిందటి జనవరి. సౌదీ ఉత్తర భాగంలో హాయిల్ ఊరి బయట, గోధుమ పొలాల వైపు, తెల్లారేసరికి మంచు కురిసి ఉంది. సౌదీలో మంచేమిటని మా కామారెడ్డి వాళ్లు ఇప్పటికీ నమ్మరు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఫోటో తీశావా అని అడుగుతారు. నేను అక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో టెక్నీషియన్‌ని. ఏసీ, మోటారు, పైపు, ఏది మొరాయిస్తే అది నా పని. వెళ్లిన ప్రతి ఇంట్లో నన్ను 'ముహందిస్' అంటారు, అంటే ఇంజనీరు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంత సులువుగా పట్టా ఇచ్చే దేశం ఇంకోటి ఉండదు.

ఆ ఉదయం అబూ నాసిర్ అనే పెద్దాయన విల్లా నుంచి ఫోన్. పై అంతస్తుకు నీళ్లు ఎక్కడం లేదు. కంపెనీ బండి నడిపే కడప మస్తాన్, నేను బయలుదేరాం.

ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఉండే వైపు వెళ్లాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు గొంతెత్తి "యా అల్లా, తరీఖ్" అనాలి, దారి ఇవ్వండి అని. లోపలివాళ్లు తప్పుకుంటారు. పని అయ్యాక వెళ్తున్నామని మళ్లీ కేక వేయాలి. అది వినపడేదాకా వాళ్లు బయటికి రారు. నేను మొదటి కేక వేసి లోపలికి నడిచాను.

సంపు నుంచి పైన ట్యాంకుకు వెళ్లే పైపులో నీరు గడ్డకట్టింది. పైపుకు తొడిగే స్పాంజి గొట్టాన్ని ఇన్సులేషన్ అంటాం. అక్కడ అది వేసవి ఎండకే పొడిపొడి అయిపోయింది. ఇలాంటప్పుడు మంట పెడితే పైపు పగులుతుంది. గుడ్డ చుట్టి గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ బతిమాలుకోవాలి. బతిమాలాను. నీళ్లు ఎక్కాయి. కొత్త ఇన్సులేషన్ తొడిగి, సామాను సర్దుతూ కిందికి చూశాను.

ఏసీ ఔట్‌డోర్ యూనిట్, అంటే బయట గోడకు బిగించే పెట్టె, దాని నుంచి చుక్కలు రాలి కింద మంచు జల్లెడ అయింది. తోటకు నీళ్లు పట్టే పైపు మంచు కింద మెలికలు తిరిగి ఉంది. మోటారు మీద కప్పిన నల్ల టార్పాలిన్ మడత మీంచి మంచు సగం జారి, తెలుపులో ఒక నల్లటి వంపు మిగిలింది. ఫోన్ బాగా దగ్గరగా పెట్టి తీస్తే అది టార్పాలినూ కాదు, మోటారూ కాదు. పేరు లేనిదేదో. నేను అప్పటిదాకా ఇంటికి పంపిన ఫోటోలన్నీ ఒకటే రకం: ఎవరిదో కారు, దాని ముందు నేను. నేను లేని ఫోటోలు తీయడం అదే మొదలు. వంగి వంగి ఇంటి చుట్టూ తిరిగాను.

"ఏం తీస్తున్నావు?"

అబూ నాసిర్ పెద్ద కొడుకు నాసిర్. మాటలు అరబ్బీలో జరిగాయి, నాకొచ్చినంతలో.

"మంచు."

ఫోన్ లాక్కుని ఒక్కొక్కటే చూశాడు. నల్ల వంపు దగ్గర వేలు ఆగింది. "ఇది అబాయా."

ఆడవాళ్లు పైన వేసుకునే నల్ల వస్త్రం అది. ఫోటో అచ్చం అలాగే ఉంది. ఇంటి ఆడవాళ్లను ఫోటో తీశాడని పోలీసులకు చెబితే ముందు జైలు, తర్వాత 'ఖురూజ్', అంటే ఆఖరి ముద్ర కొట్టి ఇంటికి పంపేయడం.

"అది టార్పాలిన్," అన్నాను.

"అన్నీ తీసేసి వెళ్లిపో. నాన్నకు చెప్పను."

మస్తాన్ నన్ను పక్కకు లాగాడు. "డిలీట్ చేసేయప్పా. వాడే వదిలేస్తాండాడు గదా. నీదేం పోతాది, మంచేగా."

"తీసేస్తే, ఏమో ఉండె గాబట్టే తీసేసిండు అంటరన్నా. రేపు ఎవరింట్ల ఏం జరిగినా నా పేరే ముందుగాల చెప్తరు."

"నీకు పొగరు జాస్తి."

"పొగరు గాదు, సలికి బిగుసుకున్న."

నాసిర్ దగ్గరికి తిరిగి వెళ్లి, "తీసెయ్యను. నాన్నగారిని పిలువు" అన్నాను.

అబూ నాసిర్ గొర్రెతోలు కోటు కప్పుకుని వచ్చాడు. ఫోటో ఫోటోకూ చోటు చూపిస్తాను, నడవండి అన్నాను. అనడం బాగానే అన్నాను గానీ, ఎండ ఎక్కుతోంది. సాక్షులంతా నీళ్లయి కాలువ వైపు పారిపోతున్నారు. జల్లెడ చిల్లులు దొరికాయి. పైపు మెలికలు దొరికాయి. టార్పాలిన్ దగ్గరికి వచ్చేసరికి మంచు మొత్తం జారిపోయి తడి గుడ్డ మిగిలింది. నీడలోంచి దోసిలితో మంచు తెచ్చి పోశాను. అది ఇడ్లీలా కూర్చుంది తప్ప వంపు రాలేదు. నాసిర్ నవ్వాడు.

పెద్దాయన నవ్వలేదు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. అడుగున తాడు కట్టే ఇత్తడి రింగు, అంచు విరిగింది. మోకాళ్లు పట్టుకుని వంగి టార్పాలిన్ కొస తిరగేశాడు. అదే రింగు.

"నాసిర్, మీ అమ్మ అబాయాకు ఇత్తడి రింగులు ఉంటాయా?"

నాసిర్ తల తిప్పుకున్నాడు. "అయినా తీసెయ్యమను."

"ఆ ఒక్కటీ తీసెయ్, ముహందిస్," అన్నాడు తండ్రి నెమ్మదిగా. "వాడి మాట నిలబడుతుంది."

"వాడి మాట నిలబడితే నాది పడిపోతుంది. తీసెయ్యను."

"అది దేనికి పనికొస్తుంది నీకు?"

"దేనికీ రాదు."

"మరెందుకు?"

"పనికొచ్చేవన్నీ మీ ఇళ్లలోనే చేస్తున్నాను. పనికిరానిది ఒకటైనా నాకు ఉండనివ్వండి."

ఆయన ఫోన్ నా చేతికిచ్చి అన్నాడు: "ఫోటో సంగతి సరే. మా అమ్మ మంచు ముట్టుకోవాలని ఇందాకటి నుంచి చేతులకు తొడుగులు వేసుకుని తలుపు వెనక నిలబడి ఉంది. ఆమెకు ఎనభై దాటాయి. నువ్వు వెళ్తున్నానని కేక వేయలేదు. ఈ మనిషి ఇంకా పోలేదేమని ఆమె అడిగితేనే నాసిర్ బయటికి వచ్చాడు."

అంతవరకు నిటారుగా ఉన్న నా మెడ అప్పుడు వంగింది. తలుపు దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడేలా, "అమ్మా, ఆలస్యం చేశాను. తప్పు నాదే. వెళ్తున్నాం" అన్నాను.

లోపలి నుంచి ముసలి గొంతు: "మాకేమైనా మిగిల్చావా?"

"ఉత్తరం గోడ నీడలో బోలెడంత ఉందమ్మా. తొక్కలేదు."

మా వృత్తిలో పనికంటే ముందు సారీ నేర్పుతారు. పైపు వాళ్లది, చలి దేవుడిది, సారీ మాది. ఆ రోజు నుంచి నేను విడదీసి చూసుకుంటున్నాను. నా తప్పుకు గుమ్మం ముందు నిలబడి సారీ చెబుతాను. నాది కానిదానికి ఖురూజ్ ముద్ర ఎత్తి చూపించినా చెప్పను. ఆ వారమే మా సూపర్‌వైజర్, ఇళ్లకు వెళ్లేటప్పుడు ఫోన్లు బండిలో పెట్టండన్నాడు. ఫోన్ లైటు లేకుండా సంపులోకి ముందు మీరు దిగండి సార్ అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ నల్ల ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఎవరికీ పంపలేదు. చూసినవాళ్లు ఇదేమిటని అడుగుతారు. నాది, అంటాను.