మా అమ్మ కోసం మార్చిన బండి

నా చిన్నప్పుడు మా ఇంటికి బండి సంబరంగా రాలేదు. అమ్మ నడుములో గడ్డ పెరిగి, మనూర్ దగ్గరి మా ఊరి నుంచి నారాయణఖేడ్ దవాఖానకు వారం వారం సూదుల కోసం పోవలసి వచ్చింది. కిక్కిరిసిన బస్సులో నిలబడలేక ఒకసారి ఆమె సొమ్మసిల్లి పడిపోయింది. అప్పటిదాకా సైకిల్ తప్ప మరొకటి ఎక్కని మా నాయన, ఆ వయసులో మోటారు బండి నేర్చుకుంటానన్నాడు.

చిన్నాయన ఒక పెద్ద బండి చూసి పెట్టాడు. ఎత్తుగా, నల్లగా మెరిసిపోయేది. నాకూ అదే కావాలనిపించింది. బస్టాండు వెనుక బండ్లు బాగుచేసే చాచాకు దాన్ని చూపించారు. ఆయన వద్దనలేదు, మంచిదనీ అనలేదు.

“నడుపుడు తర్వాత నేర్సుకుందువు గాని తమ్మీ, ముందుగాల ఎనుక కూసో” అన్నాడు నాయనతో.

నాయనను వెనుక ఎక్కించుకుని గుంతల రోడ్డు మీద చాలా దూరం తోలుకుపోయాడు. కావాలనే ఒక్క గుంతనూ తప్పించలేదట. తిరిగి వచ్చాక నాయన నడుం పట్టుకుని దిగాడు. అమ్మ ఎట్లా ఓర్చుకుంటుందని గొణిగాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదలు.

ఆ పెద్ద బండి వద్దనుకుని ఒక పాత చిన్న బండి తీసుకున్నారు. రెండు కాళ్లూ నేలకు ఆనేవి కాబట్టి కొత్తగా నేర్చుకునే నాయనకు పడతానన్న భయం తగ్గింది. చాచా వెనుక స్ప్రింగులను మెత్తబరిచాడు. సీటులో స్పాంజి మందంగా నింపాడు. వీపు ఆనించుకోవడానికి ఇనుప చట్రం అతికించి, దానికి అమ్మ పాత చీర చుట్టాడు. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా ఆమెను కూర్చోబెట్టి ఎక్కడ నొస్తుందో అడిగేవాడు. మొహమాటానికి బాగుందంటే నమ్మేవాడు కాదు. “అబద్ధం జెప్పకు చెల్లె, మల్లొక్కసారి కూసో” అనేవాడు.

అమ్మకు నయం కాలేదు. ఇక సూదులు వేసి లాభం లేదని డాక్టరు చెప్పిన రోజు, కంగ్టి దగ్గరి తన పుట్టింటికి తీసుకుపొమ్మని ఆమె అడిగింది. నాయన నన్ను ముందు కూర్చోబెట్టుకుని, నడిచే మనిషికంటే కాస్త వేగంగా పోనిచ్చాడు. దారికి రెండు వైపులా కంది పూత మీదుంది. సగం దూరం పోయాక వెనుక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

“ఇయ్యాల నొస్తలేదు.”

అది నిజమో, మా కోసం అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ కంది ఇంటికి రాకముందే ఆమె పోయింది.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం చాచా మా అరుగు మీద కూర్చున్నాడు. ఇంత చేసి ఏం ఫాయిదా అని నాయన అడిగాడు.

“బతికిచ్చుడు మన చేతుల లేదు తమ్మీ. కుదుపు తగ్గిచ్చుడు మాత్రం ఉండె” అన్నాడు చాచా.

నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు నయం కాని మనిషిని చూడటానికి పోతే, నేను ధైర్యం చెప్పను. మంచం పక్కన కూర్చుని, తలగడ ఎక్కడ ఒత్తుకుంటోందో అడుగుతాను.