గుమ్మడికాయకు ఏడు ఫోటోలు

“గుమ్మడికాయకు ఏడు ఫోటోలేంది? అది పోయేది పెళ్లిచూపులకు కాదు, సాంబారుకు.”

“సాంబారుకైతే మొఖం ఉండదా?”

చర్ల దగ్గర మా ఊరి కూరగాయల షెడ్డు బయట పొద్దున్నే మొదలైన ఈ తగవు ఆటో డ్రైవర్ వీరబాబుకూ, మా బొజ్జయ్య మామకూ మధ్య. మామకు ఒకటే పిచ్చి. ఫోటో తీయందే ఏ కాయనూ బండి ఎక్కనివ్వడు. గంపకు ఒక ఫోటో చాలంటుంది యాప్. మామ కాయకొకటైనా తీస్తాడు. సొరకాయ మొహం తువాలుతో తుడుస్తాడు. బీరకాయను నిటారుగా కూర్చోమంటాడు. ఒకసారి వంకాయ కళ్లు మూసుకుందని మళ్లీ తీశాడు.

అసలు ఊళ్లో అందరికీ ఆ యాప్ నేర్పింది నేను. డిగ్రీ మధ్యలో మానేశాను గానీ ఫోన్ విషయంలో నాకు ఎదురులేదు. భద్రాచలం హోటళ్ల ఆర్డరు సాయంత్రమే ఫోన్లోకి వస్తుంది, పొద్దున అంతవరకే కోస్తాం. కోసింది కుళ్లి వాగులో పారబోసే రోజులు పోయాయి. గంప మీది కోడ్ స్కాన్ చేస్తే ఎవరి చేనో, ఎప్పుడు కోశారో తెలిసిపోతుంది. ఫోటోలన్నీ ఎక్కి, యాప్ సరేననే దాకా బండి కదలకూడదని రూలు. నాకైతే ఐదు నిమిషాల పని. మామకు ముప్పావు గంట. అయినా హోటళ్లవాళ్లు మెచ్చుకునేది మామనే. ఆ గుమ్మడికాయను అంత అందంగా తీసిందెవరని అడుగుతారు. నా ఫోటోల గురించి ఒక్కడూ అడగడు. షెడ్డుకు ఇన్‌చార్జ్‌ను వేస్తారని తెలిసినప్పటి నుంచీ మామను చూస్తే నాకు కడుపుమంట.

అందుకే ఒకరోజు మామ టీకి వెళ్లగానే షెడ్డు ఫోన్ అందుకున్నాను. ఐదు నిమిషాల్లో అన్నీ తీసి బండి పంపించేశాను. వీరబాబు నాకు సెల్యూట్ కొట్టి మరీ వెళ్లాడు.

మామ వచ్చి, ఆటో లేని జాగాను చూసి, వాగు వైపు దారిని చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆ దారినే వాగవతలి గూడెం జంపక్క కుంటుకుంటూ వచ్చింది. నెత్తి మీద బోడకాకర గంప. నిన్నంతా అడవి తిరిగి ఏరిన కాయలు. రేపటికి పండి పగిలిపోతాయి.

బండి పోయిందా అని అడిగింది.

“లేదక్కా, ఇయ్యాల నీ గంపకు వేరే బండి పెట్టిన,” అంటూ మామ నా బైకు చూపించాడు.

దుమ్ముగూడెం దగ్గర ఆటోను అందుకున్నాను. వీరబాబు నన్ను తిడుతూ గంప సర్దుతుంటే, ఫోన్లో పాత ఫోటోలు తిరగేశాను. ప్రతిరోజూ చివరిది జంపక్క గంప. దానికి ఒక్కటే ఫోటో. అదీ మసక.

తిరిగొచ్చి మామను నిలదీశాను. జంపక్క వచ్చేదాకా కాస్త ఆగమని వీరబాబుకే చెప్పొచ్చు కదా అన్నాను.

“తన కోసం బండి ఆపుతున్నరని తెలిస్తే అక్క రేపటి నుంచి రాదు,” అన్నాడు.

ఇన్‌చార్జ్ పని మామకే ఇచ్చారు. కడుపుమంట ఇంకా ఆరలేదు, అబద్ధమెందుకు. ట్రైనింగుకు ఖమ్మం బయల్దేరుతూ మామ షెడ్డు ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“మూడు రోజులు నువ్వే తియ్యాలె అల్లుడూ. నీకు మంచిగ వస్తదని నాకు తెల్సు. జర రానట్టు తియ్యి.”