అంజనంలో నా మాట

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా చెల్లెలి కూతురు నర్సింగు పుస్తకం ముందేసుకుని చదువుకుంటూ, ప్లాసెంటాను తెలుగులో ఏమంటారని నన్నడిగింది. మాయ అంటారని చెప్పాను. అదేం పేరు, మంత్రాలూ మాయలూ ఉన్నట్టు, అని అది పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ ముందే నిలబడి ఉండగానే పాలన్నీ పొంగించుకున్నాను.

ముప్పై ఏళ్ళ పైమాట. అప్పటికి నాకు ఇరవై రెండు నిండాయో లేదో. తిమ్మాజిపేట దగ్గర ఎర్రనేలలో పుట్టి పెరిగినదాన్ని, మొదటి ఉద్యోగానికి మానవపాడు అవతల నల్లరేగడి చేల మధ్యనున్న ఒక ఊరికి వెళ్ళాను. వానాకాలంలో ఆ మట్టి చెప్పుల్ని ఊడబెరుక్కునేది, నాలుగు చినుకులు పడితే బస్సు రావడం మానేసేది. ఒక రైతు ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. మాట కటువైనా పండగనాడు నాకు ముందుగా విస్తరి వేసే పెద్దమ్మ, తెల్లవారకముందే చేలోకి వెళ్ళిపోయే ఆమె కొడుకు, కొత్తగా కాపురానికొచ్చి నెల తప్పిన కోడలు. కోడలికి పద్దెనిమిదేళ్ళుంటాయి. అత్త ముందు నోరెత్తేది కాదు గాని, నా గదిలోకి వస్తే గడప మీద కూర్చుని నా తెల్లచీర అంచు తడిమి చూసేది.

పేరుకు నేను నర్సమ్మనే అయినా, ఆ ఊళ్ళో పురుళ్ళు పోసేది ఊరి చివర గుడిసెలో ఉండే ఒక ముసలవ్వ. మంత్రసాని అనేవారు. కూలినాలి చేసుకునే మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. డెబ్బై ఏళ్ళొచ్చినా పళ్ళు మాత్రం జొన్నగింజల్లా వరుసగా ఉండేవి. నొప్పులు పడుతున్న ఆడదాని నడుం మీద చేయి వేసి, నోట్లో పొగాకు పెట్టుకుని, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో గొణిగేది. ఏమిటవ్వా అంటే నవ్వి ఊరుకునేది. నేను చదువుకొచ్చిన దాంట్లో సగం తప్పని ఆమె చేతుల్ని చూసి నేర్చుకున్నాను. బిడ్డ పుట్టాక మాయను కొత్తకుండలో పెట్టి, పసుపూ ఉప్పూ వేపాకూ వేసి, పసుపు గుడ్డతో మూతి కట్టి, కొంగు కింద దాచుకుని ఒక్కతే తుమ్మచెట్ల వైపు నడిచి వెళ్ళేది. ఎక్కడ పాతిపెట్టిందో కన్నతండ్రికి కూడా చెప్పేది కాదు. కుక్క తవ్వినా, పగవాడి కంటబడ్డా బిడ్డకు కీడు అని ఆమె నమ్మకం. నన్నొక్కదాన్ని మాత్రం ఒకసారి చెట్లదాకా రానిచ్చింది.

ఆ శ్రావణంలో మా ఇంట్లో బట్టలు కాలడం మొదలైంది. తాళం వేసిన సందుగు తెరిస్తే మధ్యలో మడతబెట్టిన చీర ఒక్కటే, కంచమంత మేర నల్లగా కాలి ఉండేది. పైచీరకు గాని కిందచీరకు గాని సెగ తగిలిన గుర్తు కూడా ఉండేది కాదు. మొదటిసారి పెద్దమ్మ కొడుకు చుట్ట తాగి పారేశాడని తిట్టింది. మూడోసారికి ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. మీ వైపు చేతబడి అంటారేమో, మా వైపు బాణామతి అంటారు. ఆ మాటను ఇంట్లో పైకి అనకూడదు. అయినా పొరుగింటివాళ్ళు నిప్పు అడగడానికి రావడం మానేసినప్పుడు, ఊరంతా ఆ మాటే అనుకుంటోందని తెలిసిపోయింది. నేను సైన్సు చదువుకున్నదాన్ని, అయినా పట్టపగలు ఆ సందుగు పక్కనుంచి నడవాలంటే వీపు జలదరించేది.

ఒకనాడు మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళేరుకుంటూ పెద్దమ్మ మామూలుగానే అడిగింది.

"నర్సమ్మా, ఆ ముసల్ది మాయలు తీస్కపోయి ఏం జేస్తదే?"

నాకు తెలిసిన విషయమని సంబరంగా అంతా చెప్పాను. కొత్తకుండ, పసుపు గుడ్డ, మూడు తుమ్మచెట్లు, వాటి నడుమ బోర్లించిన రాయి. పెద్దమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి మంగళవారం రాయచూరు దిక్కునుంచి ఒక మంత్రగాడిని పిలిపించారు. పొద్దున పదిగంటల ఎండలో వాకిట్లో ముగ్గు వేసి, తమలపాకు మీద నల్లటి కాటుక రాసి కూర్చున్నాడు. అంజనం వేయడమంటే అదే. ఆ నలుపులోకి చూస్తే చేసినవాళ్ళ రూపు కనిపిస్తుందట. ఊరి జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆకు మీదికి వంగి చాలాసేపు చూసి, సగం కన్నడం కలిసిన మాటల్లో నెమ్మదిగా చెప్పాడు.

"ముదుకి... ముసల్ది అగుపడ్తుంది. కొత్తకుండ. పసుపు గుడ్డ. మూడు తుమ్మలు, నడుమ బోర్లేసిన రాయి."

అవి నా మాటలు. నేను చెప్పిన వరుసలోనే ఉన్నాయి. పెద్దమ్మ అతనికి ముందే చెప్పి ఉంటుందని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కాని చెప్పక తప్పని సంగతి ఒకటుంది. ఆ క్షణాన నాకు అది తోచలేదు. ఆ నల్లటి ఆకు నా లోపలికి చూసి నా మాటలు లాక్కుందనే అనిపించింది. జనం అవ్వ గుడిసె వైపు కదిలారు. నేను మాత్రం ముగ్గు అంచున అలాగే నిలబడిపోయాను.

బాణామతి చేసినవాళ్ళకు పళ్ళు రాలగొట్టాలంటారు. పలుకు తప్పితే మంత్రం పారదట. నేను పరుగున గుడిసె చేరేసరికి అంతా అయిపోయింది. జనం ఒక్కొక్కరే తల దించుకుని వెళ్ళిపోతున్నారు. అవ్వ గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది, కొంగంతా ఎరుపు. ఉప్పునీళ్ళతో కడిగి దూది పెట్టాను. ముందుపళ్ళు నాలుగు పోయాయి. మానవపాడుకు పోయి ఫిర్యాదు చేద్దాం పద అన్నాను. ఆమె చేయి ఊపింది.

"ఊర్లె ఉండాలె గద, బిడ్డా."

నా మనసు తేలికపడింది. ఆ తేలిక గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కొంతసేపటికి దూది తీసి ఆమే అడిగింది.

"కుండ సంగతి ఆళ్ళకు ఎట్ల తెల్సె?"

"తెల్వదవ్వా," అన్నాను.

ఆ తర్వాత నెలా పదిహేను రోజులు ఏ చీరా కాలలేదు. ఊరు ఊపిరి పీల్చుకుంది. అంజనం నిజమైంది అన్నారు. నాక్కూడా రాత్రుళ్ళు నిద్ర పట్టసాగింది. అలాంటి ఒక పగటిపూట కోడలిని నా గదిలో కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంటే లోపలి గదిలోంచి పొగ వచ్చింది. పెద్దమ్మ కేక పెట్టింది, కొడుకు బిందె పట్టుకుని ఉరికాడు. కోడలు మాత్రం తల తిప్పలేదు. చాచిన చేయి చాచినట్టే ఉంచి, నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఆ చూపు మరెక్కడా, ఏ రోగి ముఖంలోనూ నేను చూడలేదు. పట్టీ విప్పుతుంటే ఆమె వేళ్ళ కొసలు కనిపించాయి. బొటనవేలూ చూపుడువేలూ కాలి, మాని, మళ్ళీ కాలి ఉన్నాయి. నేను చూశానని ఆమె చూసింది.

"ఆపుదమంటే ఆగుతలేదక్కా," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

సందుగు తాళంచెవి అందరికీ అందే గూట్లోనే ఉండేదని, పాతగుడ్డ పేలికకు నిప్పంటించి మడతల్లో పెడితే అది రాజుకోవడానికి గంటైనా పడుతుందని తర్వాత ఎప్పుడో ఆలోచించుకున్నాను. ఎందుకు చేసిందో మాత్రం ఎంత ఆలోచించినా అందలేదు. ఆమెకైనా తెలుసో లేదో. చెప్పేస్తే అవ్వ మీది నింద పోతుంది, కాని ఆ జనమే ఈ నిండు చూలాలి మీదికి వస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. నా తప్పు దాచుకోవడానికి అది మంచి సాకు కూడా అయింది.

నొప్పులు మొదలైనప్పుడు రెండురోజులుగా ముసురు. వాగు పొంగి బస్సు లేదు, బండి కదలదు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. తెల్లవారి మొదలైన నొప్పులు మధ్యాహ్నం దాటినా తెమలలేదు. ఇక నా చేతకాదని తేలాక, పెద్దమ్మ నన్ను అడక్కుండానే గోనెసంచి తలకప్పుకుని వానలోకి నడిచింది. ఆ గుడిసె ముందు ఏమందో, ఎలా అడిగిందో నాకు తెలియదు. అవ్వ ముందు, పెద్దమ్మ వెనక, ఇద్దరూ తడుస్తూ వచ్చారు.

అవ్వ చేతులు కడుక్కుని కోడలి నడుం మీద చేయి వేసి గొణగడం మొదలుపెట్టింది. పళ్ళు లేని ఆ సందుల్లోంచి మాట మాటగా రాలేదు. తలుపు కింద దూరే గాలిలా సన్నగా ఈల వేసింది. గుమ్మం బయట పెద్దమ్మ ద్వారబంధం పట్టుకుని ఆ ఈల వింటూ నిలబడింది. కోడలు ఆ చప్పుడునే వింటూ అరవడం మానేసి, నెమ్మదిగా ఊపిరి తీసింది. ఎంతసేపో. చివరకు ఆడపిల్ల పుట్టి, నీలిరంగు పోయి ఎర్రబడి, కేర్ మంది.

కుండ, పసుపు గుడ్డ సిద్ధంగా పెట్టి ఉన్నాయి. అవ్వ వాటిని ముట్టుకోలేదు.

"ఇది నువ్వే పెట్టుకో, అమ్మా," అంది పెద్దమ్మతో. "ఎవలన్న జూస్తె జెప్తరు."

ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

పెద్దమ్మ కుండ కొంగు కింద పెట్టుకుని వానలో ఒక్కతే వెళ్ళింది. ఆ తర్వాత ఆ ఇంట్లో బట్టలు కాలలేదు. బాణామతి విరిగిందన్నారు, అవ్వే వెనక్కి తీసుకుందన్నారు. కోడలు బిడ్డను ఒళ్ళో వేసుకుని అన్నీ వింటూ ఊరుకుంది, నేనూ ఊరుకున్నాను. రెండేళ్ళకు నాకు బదిలీ అయింది. వెళ్ళేముందు గుడిసెకు పోయి నిజం చెప్పాలనుకున్నాను, దారి సగం నడిచి వెనక్కి తిరిగాను. మరికొన్నేళ్ళకు, ముసలవ్వ పోయిందని గద్వాల బస్టాండులో ఆ ఊరివాళ్ళెవరో చెప్పారు.

ఇప్పుడు ఆ ఊరికి తారురోడ్డు పడింది. నొప్పులొస్తే ఫోను చేస్తారు, బండి వాకిట్లోకి వస్తుంది, బిడ్డలు దవాఖానాలో పుడతారు. ఎవరి పళ్ళూ ఎవరూ రాలగొట్టడం లేదు, అందుకు సంతోషమే. పురుడు ఎవరు పోశారో, ఏ గంటకో, అన్నీ కంప్యూటరులో ఉంటాయట. మా రోజుల్లో పెద్ద పుస్తకం ఉండేది, అందులో పురుడు పోసినవారు అని ఒక గడి ఉండేది. ఆ గడిలో అవ్వ పేరు రాయడానికి ఆమె పేరేమిటో నాకు తెలియదు, అందరూ అవ్వ అనేవారు, నేనూ అడగలేదు. ఆ వాననాటి ఆడపిల్లకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. తాను ఎవరి చేతుల్లోకి పుట్టిందని ఎప్పుడైనా వెతుక్కుంటే ఆమెకు నా పేరే దొరుకుతుంది.