మా కుక్క ఏడ్చిన మూడు మధ్యాహ్నాలు

నా చిన్నప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన శబ్దం మా కుక్క ఏడుపు. అది వరసగా మూడు మధ్యాహ్నాలు ఏడ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. కలిదిండి దగ్గర రొయ్యల చెరువుల మధ్య మా ఇల్లు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మా తాతయ్యను ఏలూరులోని ఆసుపత్రివాళ్లు ఒక ఆక్సిజన్ మిషన్‌తో ఇంటికి పంపారు. అది గదిలోని గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి, సన్నని గొట్టం ద్వారా ఆయన ముక్కుకు అందించేది. కరెంటు చాలకపోతే అలారం మోగేది; వెంటనే మేము చిన్న సిలిండర్‌కు మార్చేవాళ్లం. ఆ మోతకు తాతయ్య ఉలిక్కిపడి మంచం పట్టె గట్టిగా పట్టుకునేవారు. అది చూడలేక మా నాన్న అలారం రంధ్రం మీద రెండు పొరల ప్లాస్టర్ అంటించారు. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, మనకు తెలుస్తుందిలే అనుకున్నారు.

మర్నాటి నుంచే ఏడుపు మొదలైంది. మబ్బు పట్టిన రోజులవి. మూడు గంటలు దాటగానే, కిటికీ కింద కట్టేసిన కుక్క మెడ ఎత్తి సన్నగా ఏడ్చేది. కుక్క ఏడిస్తే ఇంట్లో మనిషి పోతారని మా వైపు నమ్మకం. తాతయ్య పెదవులు నిజంగానే నీలం తిరుగుతున్నాయి. పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు కుక్కను, తర్వాత తాతయ్యను చూసి గొంతు తగ్గించేవారు.

మూడో రోజు నాన్న గోనెసంచి తెచ్చారు, కుక్కను కొల్లేటి గట్టు మీద వదిలేసి వస్తానని. పశువుల ఆసుపత్రిలో పనిచేసే పక్కింటి అక్క గుమ్మంలో అడ్డం నిలబడింది.

"పెంచుకున్నదాన్ని అలా వదిలేయడం నేరమండీ, బాబాయ్ గారూ. చట్టం ఉంది."

"మీ చట్టం వచ్చి మా నాన్నకి ఊపిరి పోస్తుందేంటమ్మా?"

"పొయ్యదండీ. ఈ కుక్క తీస్తుందా మరి?"

అంతలోనే ఏడుపు మొదలైంది. నాన్న దాని నోరు మూయబోయారు. అక్క మాత్రం దాని చెవులు చూసింది. రెండూ కిటికీ వైపు నిక్కి ఉన్నాయి. ఆమె లోపలికి వెళ్లి మిషన్‌కు చెవి ఆనించింది. "ఈ ప్లాస్టర్ ఎవరు వేశారండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పీకేసింది. గది నిండా అలారం. ప్లాస్టర్ కింద మాకు వినబడని ఆ మోతే కుక్కకు వినబడుతోంది.

పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఆగలేదు, అంతే. మబ్బు రోజున చెరువు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. రొయ్యలు చావకుండా అందరూ నీటిని చిలికే ఏరేటర్లు ఒకేసారి వేస్తారు. ఊరి వోల్టేజీ పడిపోతుంది. రొయ్యలకు ఊపిరి అందిన ఆ గంటల్లోనే మా తాతయ్యకు అందలేదు.

నాన్న స్పానర్ తెచ్చి సిలిండర్ బిగించారు. కాసేపటికి తాతయ్య పెదవులకు రంగు తిరిగింది. అక్క వెళ్తూ, "స్టెబిలైజర్ పెట్టించండి బాబాయ్ గారూ. దాని గొలుసు కూడా కాస్త పొడుగు చెయ్యండి" అంది. నాన్న తలెత్తకుండానే ఊఁ కొట్టారు.

ఇళ్లలో వాడే వైద్య పరికరాలు బాగుచేయడం ఇప్పుడు నా వృత్తి. "ఈ మోత ఒక్కటీ ఆపెయ్యండి మేడమ్, పెద్దావిడ హడలిపోతున్నారు" అని అడుగుతూనే ఉంటారు. నాకూ భయమేనండీ అంటాను. చేయి స్విచ్ మీదకు పోయేముందు మంచం దగ్గరికి వెళ్లి, పడుకున్న మనిషి పెదవులు చూస్తాను.